అప్పు తెచ్చిన పదిని ఎప్పుడు తిరిగిస్తాం?

*పిల్లలకు ఉచితంగా చదువు చెప్పడానికి వెళ్లినవాళ్లు తరచూ ఒక మాట అంటారు: "వాళ్లకంటే నేనే ఎక్కువ నేర్చుకున్నాను." మర్యాదకు అన్నట్టు వినిపించే ఈ మాట ఎంతవరకు నిజమో పరిశోధకులు కొలిచి చూశారు. ఎవరిలో నిజమవుతుంది, ఎవరిలో కాదు అన్నది కూడా కొంతవరకు తేలింది.*

సికింద్రాబాద్‌లో ఏ వీధిలో అడిగినా రైల్వేలో చేసి రిటైరైన ఒక పెద్దాయన ఉంటారు. అలాంటి ఒకరిని ఊహించుకుందాం. ఉండేది మెట్టుగూడ. ఉద్యోగమంతా రైల్ నిలయంలో, లెక్కల విభాగంలో గడిచింది. ఇప్పుడు సాయంత్రాలు అడ్డగుట్ట బస్తీలో నాలుగో తరగతి పిల్లలకు లెక్కలు చెబుతున్నారు. బోర్డు మీద 402 లోంచి 157 తీసేయాలి. "రెండులోంచి ఏడు పోదు. పక్కింటి నుంచి అప్పు తెచ్చుకో" అన్నారు, చిన్నప్పుడు తనకు చెప్పినట్టే.

"పక్కింట్ల సున్నా ఉంది సార్. వాళ్ల కాడనే లేదు, మనకేడికెల్లి ఇస్తరు?" అన్నాడు ముందు కూర్చున్నవాడు.

వెనక నుంచి ఒక పిల్ల: "అప్పు తెచ్చినం గదా సార్, మళ్ల ఎప్పుడిస్తం?"

జవాబు 245 అని పెద్దాయనకు చూడగానే తెలుసు. ఇలాంటి తీసివేతలు ఆయన చేతి మీదుగా ఎన్ని వేలు పోయాయో లెక్కలేదు. కానీ ఆ ఇద్దరి ప్రశ్నలకూ వెంటనే ఏమీ తోచలేదు. అప్పు నిజంగానే తిరిగివ్వం. మరి దాన్ని అప్పు అని ఎందుకన్నాం? ఇన్నేళ్లలో ఎవరూ అడగని ప్రశ్న అది. చదువు చెప్పేవాళ్లలో వచ్చే మార్పు సరిగ్గా ఇలాంటి చోట మొదలవుతుంది.

తెలుసు అనుకోవడం వేరు

2002లో యేల్ విశ్వవిద్యాలయానికి చెందిన లియోనిడ్ రోజెన్‌బ్లిట్, ఫ్రాంక్ కీల్ ఒక ప్రయోగం ప్రచురించారు. ప్యాంటు జిప్, తాళం, బాత్‌రూమ్‌లో ఫ్లష్ ట్యాంకు లాంటి రోజూ వాడే వస్తువులు ఎలా పనిచేస్తాయో మీకు ఎంత బాగా తెలుసని అడిగి, మార్కులు వేసుకోమన్నారు. చాలామంది ధీమాగానే వేసుకున్నారు. తరువాత, అది ఎలా పనిచేస్తుందో మెట్టు మెట్టుగా రాయమన్నారు. రాశాక మళ్లీ మార్కులు వేసుకోమంటే, ఎవరికి వారే తగ్గించుకున్నారు.

వస్తువును వాడటం వస్తే దాని లోపలి పని కూడా తెలిసినట్టే అనిపిస్తుంది. ఆ భ్రమ పోవాలంటే ఇంకెవరికైనా వివరించే అవసరం పడాలి. ఉద్యోగంలో, ఇంట్లో ఆ అవసరం మనకు ఎంత అరుదుగా వస్తుందో గమనించండి. ఆఫీసులో ఫలితం అడుగుతారు, కారణం అడగరు. నాలుగో తరగతి పిల్లలకు మాత్రం కారణం కావాలి.

> బాక్స్: 402 లోంచి 157 ఎలా పోతాయి?
>
> మీ జేబులో నాలుగు వంద నోట్లు, రెండు రూపాయి బిళ్లలు ఉన్నాయి. పది రూపాయల నోట్లు ఒక్కటీ లేవు. మోండా మార్కెట్‌లో 157 రూపాయలు సరిగ్గా ఇవ్వాలి.
>
> 1. ఒక వంద నోటును మారిస్తే పది రూపాయల నోట్లు పది వస్తాయి. ఇప్పుడు మూడు వందలు, పది పదులు, రెండు ఒకట్లు.
>
> 2. ఒక పది నోటును మారిస్తే పది రూపాయి బిళ్లలు వస్తాయి. ఇప్పుడు మూడు వందలు, తొమ్మిది పదులు, పన్నెండు ఒకట్లు.
>
> 3. పన్నెండులోంచి ఏడు ఇస్తే మిగిలేవి ఐదు. తొమ్మిదిలోంచి ఐదు ఇస్తే నాలుగు. మూడులోంచి ఒకటి ఇస్తే రెండు. మొత్తం 245.
>
> జేబులో ఉన్న 402 మొదటి మెట్టులోగానీ రెండో మెట్టులోగానీ పెరగలేదు, తగ్గలేదు. ఎవరి దగ్గరా ఏమీ తీసుకోలేదు కనుక తిరిగి ఇవ్వాల్సింది లేదు. పక్కింట్లో సున్నా ఉంటే ఆ పక్క ఇంట్లోని పెద్ద నోటును మారుస్తాం.

పెద్ద నోటుకు చిల్లర

లెక్కల గుమాస్తాగా ఎదిగిన మనిషికి ఈ నోట్ల మార్పిడి సంగతి ఎందుకు తట్టలేదు? మనసులో ఒకేసారి పట్టి ఉంచుకోగలిగేవి కొద్ది విషయాలే. కొత్తగా తీసివేత నేర్చుకునే పిల్లవాడికి ప్రతి మెట్టూ ఒక విషయం. ఏది పైన, ఏది కింద, ఎక్కడ కొట్టేయాలి, ఎక్కడ ఒకటి పెట్టాలి అని చూసుకుంటూ వెళ్లేసరికి ఊపిరాడదు. వందలసార్లు చేశాక ఆ మెట్లన్నీ అతుక్కుపోయి ఒకే పనిగా మారతాయి. అప్పుడు మనసులో ఖాళీ దొరికి, ఇంకా కష్టమైన లెక్కలు చేయగలుగుతాం. ఆ జేబులోని నోట్లతో పోల్చి చూస్తే, మన నైపుణ్యం కూడా మెదడులో పెద్ద నోటుగా దాచుకున్న డబ్బు. మోయడానికి తేలిక. కానీ చిన్న బడ్డీకొట్టులో చెల్లదు.

పిల్లల ముందు ఆ నోటు తీసినప్పుడు వాళ్లు చిల్లర అడుగుతారు. ఇబ్బంది ఏమిటంటే, నోటులో ఎంత చిల్లర ఉందో మనమే మరిచిపోయాం. స్టాన్‌ఫర్డ్‌లో ఎలిజబెత్ న్యూటన్ 1990లో చేసిన ప్రయోగం దీన్ని బాగా పట్టుకుంది. కొందరిని అందరికీ తెలిసిన పాటల దరువును బల్ల మీద వేళ్లతో కొట్టమన్నారు, ఎదుటివాళ్లను పాట పోల్చమన్నారు. సగం పాటలైనా పోల్చుతారని కొట్టేవాళ్లు అనుకున్నారు. 120 పాటల్లో ఎదుటివాళ్లు పోల్చింది మూడే. కొట్టేవాళ్ల చెవుల్లో పాట మొత్తం మోగుతూ ఉంటుంది. వినేవాళ్లకు అందేది టకటక మాత్రమే.

భాష విషయంలోనూ ఇదే జరుగుతుంది. 2007లో సిలికానాంధ్ర మొదలుపెట్టిన మనబడిలో, అమెరికాలో ఉంటున్న తెలుగువాళ్లు వారాంతాల్లో పిల్లలకు వాలంటీర్లుగా తెలుగు చెబుతారు. "నాన్న వచ్చాడు, అమ్మ వచ్చింది, బస్సు వచ్చింది" అని రాయించినప్పుడు, అమ్మకూ బస్సుకూ ఒకే మాట ఎందుకని ఒక పిల్ల అడిగితే? ఇద్దరు అమ్మలైతే "వచ్చారు", రెండు బస్సులైతే "వచ్చాయి" అని వేరైపోతాయి కదా అని ఇంకొకరు పట్టుకుంటే? పుట్టినప్పటి నుంచి తెలుగు మాట్లాడుతున్నవాళ్లు తమ భాషకు ఇలాంటి కట్టడి ఉందని ఆ రోజే మొదటిసారి చూస్తారు.

తప్పు సమాధానం చెప్పే సంగతి

చదువు చెప్పే పనిలో వాలంటీరు మెదడుకు మూడు రకాల శ్రమ పడుతుంది.

మొదటిది, రేపు చెప్పాలనే బాధ్యత. స్టాన్‌ఫర్డ్‌కు చెందిన క్యాథరీన్ ఛేజ్, డేనియల్ ష్వార్ట్జ్ బృందం 2009లో ఎనిమిదో తరగతి పిల్లలకు కంప్యూటర్‌లో ఒక బొమ్మ శిష్యురాలిని ఇచ్చింది. మనం నేర్పినదే దానికి వస్తుంది, నేర్పనిది రాదు. తమ కోసం చదువుకున్న పిల్లల కంటే, ఆ శిష్యురాలికి నేర్పడానికి చదివిన పిల్లలు పాఠం మీద ఎక్కువ సేపు కూర్చున్నారు, ఎక్కువ నేర్చుకున్నారు. చదువులో వెనకబడినవాళ్లలో ఈ తేడా మరింత కనిపించింది. తన పరీక్ష పోతే "నాకు రాదులే" అని వదిలేసే పిల్లవాడు, శిష్యురాలి పరీక్ష పోతే ఎక్కడ తప్పు నేర్పానా అని వెనక్కి వెళ్లి చూస్తాడు. ఓటమి నేరుగా తన మీద పడదు గనుక దాన్ని పరిశీలించే ధైర్యం వస్తుంది.

రెండోది, పుస్తకం చూడకుండా చెప్పడం. 2018లో సింగపూర్ పరిశోధకులు కాలేజీ విద్యార్థులకు డాప్లర్ ఎఫెక్ట్ పాఠం ఇచ్చారు. స్టేషన్‌లోకి దూసుకొచ్చే రైలు కూత పదునుగా, దాటిపోయాక బొంగురుగా వినిపించడానికి కారణం అదే. కొందరు నోట్స్ లేకుండా పాఠం చెప్పారు, కొందరు రాసి ఇచ్చినదాన్ని చూసి చెప్పారు. ఇంకొందరు ఎవరికీ చెప్పకుండా, గుర్తున్నదంతా రాశారు. వారం తరువాత పరీక్ష పెడితే, నోట్స్ లేకుండా చెప్పినవాళ్లూ గుర్తు తెచ్చుకుని రాసినవాళ్లూ ముందున్నారు. చూసి చెప్పినవాళ్లకు ఆ మేలు కలగలేదు. అంటే పాఠం చెప్పడంలో ఉన్న బలం చాలావరకు జ్ఞాపకంలోంచి తవ్వి తీయడంలోనే ఉంది. గైడు తెరిచి చదివించే వాలంటీరుకు గొంతు నొప్పి తప్ప పెద్దగా మిగిలేది లేదు.

మూడోది, నా దృష్టిలో అన్నిటికంటే ముఖ్యమైనది: పిల్లల తప్పును చదవడం. "నూట ఇరవై ఐదు రాయి" అంటే ఒక పాప 100205 అని రాసిందనుకోండి. తప్పే. కానీ చెవికి వినిపించిన వరుసలోనే రాసింది: నూరు, ఇరవై, ఐదు. ఆమెకు నూరు వచ్చు, ఇరవై వచ్చు, ఐదు వచ్చు. అంకె కూర్చునే చోటును బట్టి దాని విలువ మారుతుందన్నది ఒక్కటే ఇంకా అందలేదు. కొట్టేసి 125 అని రాసిస్తే వాలంటీరుకు తెలిసేది సున్నా. "ఎందుకు ఇలా రాశావమ్మా?" అని అడిగితే, ఇంకో మనిషి ఆలోచన ఏ దారిలో నడిచిందో చూడటం అలవాటవుతుంది. ఆఫీసులో కింది ఉద్యోగి పొరపాటునైనా, ఇంట్లో మనవడి మొండితనాన్నైనా చూసేటప్పుడు ఈ అలవాటు పనికొస్తుంది.

ఒంట్లో కూడా మారుతుందా?

కెనడాలోని వాంకూవర్‌లో 106 మంది పదో తరగతి విద్యార్థులను చీటీలు వేసినట్టు రెండు జట్లు చేశారు. ఒక జట్టు రెండు నెలల పాటు వారానికోసారి ప్రాథమిక పాఠశాల పిల్లలతో వాలంటీర్లుగా గడిపింది. రెండో జట్టును తరువాతి విడతకు ఆపారు. 2013లో వచ్చిన ఫలితాల ప్రకారం, వాలంటీర్లుగా వెళ్లినవాళ్ల రక్తంలో వాపును సూచించే ఇంటర్‌ల్యూకిన్-6, కొలెస్టరాల్ రెండూ మిగతావారి కంటే తక్కువగా ఉన్నాయి. ఎదుటివారి బాధను పట్టించుకునే గుణం ఎవరిలో ఎక్కువ పెరిగిందో, వాళ్లలోనే ఈ తగ్గుదల కూడా ఎక్కువ కనిపించింది.

వయసు మళ్లినవాళ్ల సంగతి అమెరికాలోని బాల్టిమోర్‌లో చూశారు. అక్కడ ఎక్స్‌పీరియన్స్ కోర్ అనే కార్యక్రమంలో అరవై దాటినవాళ్లు ప్రభుత్వ ప్రాథమిక పాఠశాలలకు వెళ్లి, వారానికి 15 గంటలు పిల్లల చేత చదివించేవారు. మిషెల్ కార్ల్‌సన్ బృందం 2015లో ప్రచురించిన అధ్యయనంలో 111 మంది మెదడును రెండేళ్ల పాటు స్కాన్ చేశారు. మొత్తం మీద రెండు జట్ల మధ్య స్పష్టమైన తేడా తేలలేదు. మగవాళ్లను విడిగా చూసినప్పుడు మాత్రం, బడికి వెళ్లినవారిలో మెదడు పరిమాణం 0.7 నుంచి 1.6 శాతం పెరిగితే, వెళ్లనివారిలో 0.8 నుంచి 0.9 శాతం తగ్గింది. జ్ఞాపకాలకు కీలకమైన హిప్పోకాంపస్ కూడా కొలిచిన భాగాల్లో ఉంది. జట్లు చిన్నవి కాబట్టి దీన్ని ఆఖరి మాటగా తీసుకోకూడదు. కానీ కారణం ఊహించవచ్చు. రిటైరయ్యాక రోజు మొత్తం తెలిసిన మనుషులు, తెలిసిన దారులు, తెలిసిన మాటలతోనే సాగుతుంది. బడికి వెళ్లాలంటే టైముకు బయలుదేరాలి, నడవాలి, పేర్లు గుర్తుపెట్టుకోవాలి, ఒకడికి చెబుతూ ఇంకొకడిని కనిపెట్టి ఉండాలి.

> బాక్స్: ఆరోగ్యంగా ఉన్నవాళ్లే వాలంటీర్లవుతారేమో?
>
> మంచి అనుమానం. మోకాళ్లు బాగున్నవాళ్లు, ఇంట్లో సమస్యలు తక్కువున్నవాళ్లు, స్వతహాగా చలాకీగా ఉండేవాళ్లే ఇలాంటి పనులకు ముందుకొస్తారు. అందుకే వాలంటీర్లనూ ఇతరులనూ ఊరికే పోల్చి "సేవ చేస్తే ఆయుష్షు పెరుగుతుంది" అంటే నమ్మనక్కర్లేదు. ముందు ఆసక్తి ఉన్నవాళ్లందరినీ చేర్చుకుని, అందులో ఎవరు వెళ్లాలో ఎవరు ఆగాలో చీటీలు వేసి నిర్ణయిస్తే, రెండు జట్లలోనూ ఒకే రకం మనుషులు ఉంటారు. ఆ తరువాత కనిపించే తేడాకు కారణం చాలావరకు ఆ పనే అని చెప్పవచ్చు. వాంకూవర్, బాల్టిమోర్ అధ్యయనాలు రెండూ ఇలా చేసినవే.

మారేడ్‌పల్లిలో మొదలైన ప్రశ్న

బుర్ర, ఒళ్లు తరువాత మారే మూడోది అభిప్రాయం. సికింద్రాబాద్ వెస్ట్ మారేడ్‌పల్లిలో కార్యాలయం ఉన్న ఎం.వి. ఫౌండేషన్ అనుభవం ఇక్కడ చాలా చెబుతుంది. చరిత్రకారుడు మామిడిపూడి వెంకటరంగయ్య పేరున 1981లో ఏర్పడిన ఈ సంస్థ, ఆయన మనవరాలు శాంతా సిన్హా నాయకత్వంలో 1991 నుంచి రంగారెడ్డి జిల్లాలో పనిలో మగ్గుతున్న పిల్లలను బడికి తేవడం మొదలుపెట్టింది. ఆ కృషికి ఆమెకు 2003లో రామన్ మెగసెసే అవార్డు వచ్చింది. పశువుల వెంట, పొలాల్లో తిరిగిన పదేళ్ల పిల్లవాడిని ఒకటో తరగతిలో కూర్చోబెడితే సిగ్గుతో పారిపోతాడు. అందుకని శిబిరాల్లో కొన్ని నెలలు చదివించి, వయసుకు తగిన తరగతిలో చేర్పించే బ్రిడ్జి కోర్సులు నడిపారు. ఆ శిబిరాల్లో చెప్పినవాళ్లు, ఇల్లిల్లూ తిరిగినవాళ్లు చాలావరకు ఊళ్లలోని యువకులే, తమ ఇంట్లో మొదటగా చదువుకున్నవాళ్లే.

"పేదలకు పిల్లల సంపాదన కావాలి, చదువు మీద ధ్యాస లేదు" అన్నది అప్పట్లో చదువుకున్నవాళ్లు సులువుగా అనేసే మాట. గడప గడపకూ వెళ్లినవాళ్లకు వేరే సంగతి ఎదురైంది. తల్లిదండ్రులకు చదివించాలనే ఉంది. చేర్పించే సమయం దాటిపోవడం, కాగితాలు అడగడం, వయసు మించిన పిల్లలకు తరగతి లేకపోవడం దగ్గర వాళ్లు ఆగిపోతున్నారు. "పంపనివాళ్ల" తప్పుగా కనిపించినది, దగ్గరికి వెళ్తే "చేర్చుకోని" ఏర్పాటు తప్పుగా తేలింది. ఈ పనితో కదిలిన ప్రభుత్వ ఉపాధ్యాయులు బాల కార్మిక విమోచన వేదికగా కూడా ఏర్పడ్డారు.

ఈ మార్పును అమెరికాలో లెక్కగా చూపించారు. టీచ్ ఫర్ అమెరికాలో ఎంపికైనవాళ్లు రెండేళ్లు పేద పిల్లల బడుల్లో పాఠాలు చెబుతారు. 2009లో మన దేశంలో మొదలై హైదరాబాద్‌లోనూ నడుస్తున్న టీచ్ ఫర్ ఇండియాకు మూలం అదే. సిసిలియా మో, క్యాథరీన్ కాన్ 32,000 మందికి పైగా దరఖాస్తుదారుల వివరాలు తీసుకుని, కొద్ది మార్కుల తేడాతో ఎంపికైనవాళ్లనూ అంతే తేడాతో తప్పిపోయినవాళ్లనూ పోల్చారు. పిల్లలు వెనకబడటానికి కారణం వాళ్ల కష్టం చాలకపోవడం కాదు, ఎదుర్కొంటున్న పరిస్థితులే అనే అభిప్రాయం పాఠాలు చెప్పివచ్చినవాళ్లలో ఎక్కువగా కనిపించింది. ఒక పిల్లవాడు తెలివైనవాడని వారం వారం కళ్లారా చూశాక, అతను ఎందుకు వెనకబడ్డాడో చెప్పడానికి "తెలివి లేదు" అనే జవాబు ఇక సరిపోదు.

మార్పు రానిది ఎప్పుడు?

పుట్టినరోజున వచ్చి కేకు కోసి, పెన్సిళ్లు పంచి, ఫొటో దిగి వెళ్లేవాళ్లకు ఇవేవీ జరగవు. వాళ్ల మనసు చెడ్డదని కాదు. పోయిన వారం చెప్పినది ఈ వారానికి పిల్లల బుర్రలో ఏ రూపంలో మిగిలిందో చూసే అవకాశం వాళ్లకు లేదు. చెప్పిన తీరు పనిచేసిందా లేదా అని తెలియకపోతే మార్చుకునేదేమీ ఉండదు. గంట సేపు తానే మాట్లాడి, "అర్థమైందా?" అంటే "అయింది సార్" అనిపించుకుని వచ్చేవారిదీ అదే పరిస్థితి. ప్రశ్న రాలేదు, తప్పు బయటపడలేదు, నోటుకు చిల్లర అడిగినవారు లేరు. మూడు నెలలు అలవాటు చేసి చెప్పకుండా మానేసే వాలంటీరు వల్ల పిల్లలకు నష్టం కూడా ఉంది.

> బాక్స్: వెళ్లాలనుకునేవారికి
>
> - వారానికి ఒక రోజైనా ఫరవాలేదు, అదే రోజు, అదే పిల్లలు. విద్యా సంవత్సరం ముగిసేదాకా ఉండగలిగితేనే ఒప్పుకోండి.
>
> - ఇంటి దగ్గర పాఠం చదవండి. చెప్పేటప్పుడు పుస్తకం మూసేయండి.
>
> - తప్పును దిద్దే ముందు ఎలా చేశారో చెప్పించండి.
>
> - ఆ రోజు మీరు జవాబు చెప్పలేకపోయిన ప్రశ్నను రాసుకోండి. "వచ్చే వారం చెబుతా" అని నిజంగా చెప్పండి.

ఈ లాభం ఎవరికి అందుతోంది?

చెప్పేవాడికి చదువు గట్టిపడుతుందన్న సంగతి మన వీధి బడులకు పాతదే. 1823లో బళ్లారి కలెక్టరు ఏ.డి. క్యాంప్‌బెల్, తన జిల్లాలోని తెలుగు, కన్నడ బడుల గురించి ప్రభుత్వానికి నివేదిక పంపాడు. తెలుగు వ్యాకరణం రాసిన దొర ఆయన. పెద్ద పిల్లల చేత చిన్నవాళ్లకు చెప్పించే పద్ధతిని, దానివల్ల పెద్ద పిల్లల చదువు కూడా స్థిరపడటాన్ని మెచ్చుకుంటూ, ఇంగ్లాండ్ దాన్ని అనుకరించడం సబబే అని రాశాడు. అంతకు ముందే మద్రాసు ఎగ్మూరు అనాథాశ్రమంలో పనిచేసిన ఆండ్రూ బెల్, ఇక్కడి పిల్లలు ఇసుకలో రాయడం చూసి, పెద్ద పిల్లలతో చెప్పించే పద్ధతిని అమలు చేసి, 1797లో లండన్‌లో పుస్తకం వేశాడు. దానికి మద్రాసు పద్ధతి అనే పేరే వచ్చింది.

ఇప్పటి తరగతిలో "టీచర్ వచ్చేదాకా నువ్వు చెప్పు" అనే మాట దాదాపు ఎప్పుడూ ఫస్టు వచ్చే పిల్లకే దక్కుతుంది. బస్తీలో పాఠాలు చెప్పే అవకాశం డిగ్రీలున్న మనకు దక్కినట్టే. అంటే చెప్పడం వల్ల వచ్చే లాభం, ఇప్పటికే చదువు ఉన్నవాళ్ల ఖాతాలోనే పడుతోంది. 1973లో వెర్నన్ అలెన్, రాబర్ట్ ఫెల్డ్‌మన్ దీన్ని తిరగేసి చూశారు. చదువులో వెనకబడిన ఐదో తరగతి పిల్లల చేత మూడో తరగతి పిల్లలకు రెండు వారాలు పాఠాలు చెప్పించారు. మొదట్లో సొంతంగా చదువుకోవడమే మేలనిపించింది. రెండు వారాలు ముగిసేసరికి, చెప్పిన రోజుల్లోనే వాళ్లు పాఠాన్ని బాగా నేర్చుకున్నారు.

కాబట్టి వాలంటీరు తనకు దొరికిన లాభాన్ని పంచే దారి ఒకటుంది. వారానికి ఒక గంటలో పది నిమిషాలు సుద్దముక్కను వెనక కూర్చునే ఏడో తరగతి పిల్లకు ఇవ్వాలి, మూడో తరగతి వాళ్లకు తీసివేత చెప్పమనాలి, తాను వాళ్ల మధ్యన కూర్చోవాలి. ఆమె ఎక్కడ తడబడుతుందో చూస్తే ఆమెకు ఏ మెట్టు అందలేదో ఇద్దరికీ తెలుస్తుంది. పరీక్షలో ఆ తడబాటుకు మార్కులు పోతాయి. ఇక్కడ మాత్రం, మరుసటి వారం ఏం చెప్పాలో అదే నిర్ణయిస్తుంది.